కొత్తవాళ్లకి ముందు ఏ సోల్ రికార్డు పెట్టాలి: అందరికీ తెలిసినదా, ఎవరికీ దొరకనిదా?

పాతసూది (బోల్టన్), ఆదివారం ఉదయం

నిన్న మా ఊరి కమ్యూనిటీ హాల్లో చిన్న సాయంత్రం పెట్టాను. హాస్పిటల్లో నాతో పనిచేసే తెలుగు పిల్లలు, వాళ్ల స్నేహితులు, ఇక్కడివాళ్లు ముగ్గురు, మొత్తం 14 మంది. నార్తర్న్ సోల్ అంటే 60ల నాటి అమెరికా నల్లజాతి గాయకుల సోల్ పాటల్లో వేగమైనవి, ఎక్కువగా హిట్టు కానివి, ఉత్తర ఇంగ్లండు డ్యాన్స్ క్లబ్బులు తమవి చేసుకున్నవి. ఆ సంగతి వాళ్లలో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. రికార్డులు తిప్పే డెక్‌లు రెండు, నా రెండు పెట్టెల ఫార్టీఫైవ్‌లు (పక్కకో పాట ఉండే చిన్న డిస్కులు), హాలువాళ్ల స్పీకర్లు. అంతే.

మొదటి 40 నిమిషాలు నేను ఇన్నేళ్లుగా ప్రాణం పెట్టి కూడబెట్టుకున్నవే వేశాను. 1965కీ 1968కీ మధ్య డెట్రాయిట్‌లో, షికాగోలో, ఫిలడెల్ఫియాలో చిన్నచిన్న కంపెనీలు అచ్చేసి, రేడియోవాళ్లు పట్టించుకోక, గోడౌన్లలో మూలపడ్డ పాటలు. ఒక్కోటీ ఎక్కడ దొరికిందో, ఎంత పెట్టానో, ఎన్ని కాపీలు మిగిలాయంటారో చెప్పి మరీ వేశాను. అందరూ మర్యాదగా విన్నారు. కుర్చీలోంచి ఒక్కరూ లేవలేదు. ఒకమ్మాయి సమోసా ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, ఆ 40 నిమిషాలూ అక్కడే.

ఇక మనసు రాయి చేసుకుని ఫోర్ టాప్స్ 'రీచ్ అవుట్ ఐల్ బి దేర్' పెట్టా. మొదట్లో ఆ వేణువు, దాని వెనకాల గుర్రపు డెక్కల్లాంటి ఆ టకటక వినపడగానే ముగ్గురు లేచారు. మార్తా అండ్ ద వాండెల్లాస్ 'నోవేర్ టు రన్' పెడితే ఆరుగురు. అరీతా ఫ్రాంక్లిన్ 'రెస్పెక్ట్'కి హాలంతా లేచింది.

నాకు సంతోషమే, కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నాకీ పిచ్చి పట్టించింది మా వార్డులో పోర్టరుగా చేసిన ఒక పెద్దాయన. కుర్రతనంలో శనివారం వచ్చిందంటే విగన్ కాసినో అనే సోల్ డ్యాన్స్ క్లబ్బులో ఉండేవాడు. 2006లో ఆయన ఒక క్యాసెట్ ఇచ్చాడు. అందులో ఒక్క పాటా నేను అంతకు ముందు విన్నది కాదు. కారులో రెండోసారి తిరగేసి వినేసరికే నేను ఆయన మనిషినైపోయా. నాకు పనిచేసింది వీళ్లకెందుకు పనిచేయలేదు? కొత్తవాళ్లని తెలిసిన పాటలతోనే లోపలికి తీసుకురావాలా? మీ అనుభవాలు చెప్పండి.


స్టోక్_సింగిల్స్ (స్టోక్ ఆన్ ట్రెంట్), ఆదివారం

అన్నా, మీరు చేసిన పని సరైనదే. ఇంకో గంట ఓపిక పట్టాల్సింది.

ఈ సంగీతం ఇక్కడ బతికిందే హిట్టు కాని పాటల మీద. అసలు ఆ పేరెలా వచ్చిందో చూడండి. లండన్‌లో కోవెంట్ గార్డెన్ దగ్గర డేవ్ గోడిన్‌కి రికార్డుల షాపు ఉండేది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకని వచ్చిన ఉత్తరాది కుర్రాళ్లు ఆ షాపులో దూరేవాళ్లు. అప్పటి కొత్త ఫంక్ వాళ్లకి అక్కర్లేదు, ఛార్టులో ఏముందో అక్కర్లేదు, మూడు నాలుగేళ్ల కిందటి వేగమైన డెట్రాయిట్ పాటలు కావాలి. వాళ్లొస్తే 'నార్తర్న్ సోల్' వినిపించండి అని ఆయన కౌంటర్లో కుర్రాళ్లకి చెప్పేవాడట. 1970లో మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్ క్లబ్బు చూసొచ్చి పత్రికలో ఆ పేరే రాశాడు, అదే నిలిచింది.

మా టన్‌స్టాల్‌లోని గోల్డెన్ టార్చ్ క్లబ్బు సంగతీ అంతే. 1972 డిసెంబరులో మేజర్ లాన్స్ అనే అమెరికా గాయకుడు వచ్చి అక్కడ పాడాడు. ఆయన పెద్ద హిట్లన్నీ అమెరికాలో 1963, 64 నాటివి. తన దేశంలో గిరాకీ తగ్గిన మనిషి కోసం ఇక్కడ పింగాణీ కుండలు చేసే ఊళ్లో హాలు కిటకిటలాడింది. ఆ రాత్రి రికార్డింగు కూడా వచ్చింది, వింటే జనం కేకలు వినిపిస్తాయి.

కొత్తవాడికి 'రెస్పెక్ట్' వేస్తే వాడికి పెళ్లి రిసెప్షను గుర్తొస్తుంది. లేస్తాడు, ఎగురుతాడు, ఇంటికి పోతాడు. మళ్లీ రాడు. ఎన్నడూ వినని పాట ఒక్కటి తగిలితే మాత్రం దాన్ని వెతుక్కుంటూ వస్తాడు.


డెట్రాయిట్_అక్క (నోవై, మిషిగన్), ఆదివారం

తమ్ముడూ, 'రెస్పెక్ట్' పెళ్లి పాట అయిపోవడం అరీతా తప్పు కాదు కదా. ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడిన పాటని 1967లో ఆమె తిరగరాసి తన చేతిలోకి తీసుకుంది. ఆ పాటని సూపర్ మార్కెట్ స్పీకర్లో కాకుండా మంచి స్పీకర్లో ఒకసారి పెట్టి చూడు.

మా ఇంటి నుంచి హిట్స్‌విల్‌కి, అంటే డెట్రాయిట్ సోల్ కంపెనీ మోటౌన్ పాత స్టూడియోకి, గంట లోపు. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌లో 2648 నంబరు, మామూలు రెండంతస్తుల ఇల్లు. బంధువులు ఎవరొచ్చినా తీసుకెళ్తా. పైకప్పులో ఒక కంత ఉంటుంది, దాని కింద నిలబడి చప్పట్లు కొడితే అటక మీదికి పోయి తిరిగొచ్చే ఆ మోత వినిపిస్తుంది. అదే వాళ్ల ఎకో. కింద స్టూడియో ఏ మన హాలు కంటే పెద్దదేం కాదు. మా చెల్లెలి కొడుకు, పదిహేనేళ్లవాడు, ఫోన్లోంచి తలెత్తనివాడు, ఆ కంత కింద నాలుగుసార్లు చప్పట్లు కొట్టాడు. తిరిగొస్తూ కారులో వాడే అడిగి మరీ టెంప్టేషన్స్ పెట్టించుకున్నాడు.

ఇంకో మాట. హిట్టుకీ అరుదుకీ మధ్య మీరు గీస్తున్న గీత అసలు ఉందా అని నా అనుమానం. మోటౌన్ పాటలకి వాయించిన ఫంక్ బ్రదర్సే రాత్రిపూట చాటుగా ఊళ్లో మిగతా స్టూడియోలకి వెళ్లి వాయించేవాళ్లు. రిక్-టిక్ అనే చిన్న కంపెనీ పాటల్లో వాళ్లే. 1966లో కాపిటల్స్ 'కూల్ జర్క్' వాయించింది వాళ్లే. వాళ్లలో జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వేలితో మీటిన బేస్ గిటార్ లక్షల కాపీలమ్మిన డిస్కుల్లోనూ ఉంది, మీరు అరుదు అనేవాటిలోనూ ఉంది. వాళ్ల పేర్లు మోటౌన్ అట్ట మీద కనిపించడానికి 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బం దాకా ఆగాల్సొచ్చింది. చేతులు అవే. ఒకటి హిట్టయింది, ఒకటి కాలేదు. అయితే మీ కొత్తవాళ్లు లేవనిది దేనికి?


మోనో_మనిషి (హైదరాబాద్), సోమవారం

నేను సౌండ్ పని చేసేవాణ్ణి కాబట్టి రెండు మాటలు.

ఒకటి. 1968లో రాబర్ట్ జైయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు, ఒక వస్తువు పదే పదే కంటబడితే చాలు, మనకి దాని మీద ఇష్టం పెరుగుతుందని. పాటకీ అంతే. మీ హాల్లో వాళ్లు 'రెస్పెక్ట్'ని వందోసారి విన్నారు, మీ అరుదైన పాటని మొదటిసారి. పోటీ సమానంగా లేదు. పోర్టరు గారి క్యాసెట్ మీరు కారులో తిరగేసి తిరగేసి విన్నారు, గమనించారా?

రెండు. డబ్బున్న కంపెనీ పాటని రేడియోలో ఎలా వినిపిస్తుందో చిన్న స్పీకర్లో విని మరీ సరిచేసేది. చిన్న కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. పైగా అమెరికా సింగిల్స్‌లో చాలావాటిని వినైల్ మీద కాకుండా స్టైరీన్ మీద పోశారు. గోటితో అంచు తట్టి చూడండి, గాజు గ్లాసులా టక్‌మంటుంది. పాట మొదలు పట్టుకోవడానికి సూది కింద డిస్కుని ముందుకీ వెనక్కీ తిప్పితే ఆ గాడి కాలిపోయినట్టు బుస్సుమంటుంది. మీకు ఆ బుస్సు చెవికి ఆనదు, 20 ఏళ్ల అలవాటు. కొత్తవాడికి ముందు వినిపించేది అదే.

ఇక్కడ హైదరాబాద్‌లో ఇంకో విచిత్రం. మా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఫోర్ టాప్స్ కూడా తెలియదు. వాళ్లకి అన్నీ దొరకనివే. గ్లోరియా జోన్స్ 'టెయింటెడ్ లవ్' పెడితే మాత్రం ఒకడు, ఇది రిహానా పాట కదరా అన్నాడు. సాఫ్ట్ సెల్ 1981లో ఈ పాటని ఇంగ్లండులో నంబర్ వన్ చేశారు, దాన్ని 2006లో రిహానా పాటలో వాడారు. అసలుది గ్లోరియా జోన్స్ 1960లలో పాడితే ఎవరూ కొనలేదు. అంటే వాడికి అరుదైన రికార్డే తెలిసిన పాట అయింది.


లీడ్స్_కుర్రాడు, సోమవారం

నేను యూనివర్సిటీలో రెండో సంవత్సరం. నాకు ఈ సంగీతం పరిచయమైంది ఫోన్లో ఒక డ్యాన్స్ వీడియో వల్ల. పాట పేరు తెలియదు, ఆ అమ్మాయి నేల మీద జారుతుంటే చూస్తూ ఉండిపోయా. 2023 జులైలో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రామ్స్ కచేరీల్లో నార్తర్న్ సోల్‌కి ఒక రాత్రి ఇచ్చారు, ఆర్కెస్ట్రాతో. అది టీవీలో చూసి నాలాంటివాళ్లు ఇంకొందరు వచ్చారు. మా దగ్గర ఎవరూ ఏది హిట్టు, ఏది అరుదు అని అడగరు. మళ్లీ కొత్తగా అచ్చేసిన రీఇష్యూ పది పౌండ్లకి దొరికితే కొంటాం. ఒరిజినల్ ఉంటేనే వెయ్యాలి అనే పెద్దవాళ్ల నైట్‌లకి రెండుసార్లు వెళ్లా. పాటలు బంగారం. ఎవరూ మాతో మాట్లాడలేదు.


స్టోక్_సింగిల్స్, సోమవారం

తమ్ముడూ, మాట్లాడకపోవడం తప్పే, ఒప్పుకుంటా. ఈసారి మా స్టోక్ కింగ్స్ హాల్‌లో సోల్ నైట్‌కి వస్తే నన్ను వెతుక్కో.

కానీ ఒరిజినల్ మాత్రమే వెయ్యాలన్న నియమం గొప్పల కోసం పెట్టింది కాదు. ఆ డిస్కు వెతకడానికి ఒకడు అమెరికా వెళ్లి గోడౌన్ల దుమ్ములో వారాలు గడిపాడు. తెచ్చాక పోటీ డీజే కనుక్కోకుండా లేబుల్ మీద కాగితం అంటించి, దొంగ పేరు చెప్పి వేశాడు. ఫ్రాంక్ విల్సన్ 'డూ ఐ లవ్ యు' విగన్‌లో మొదట మోగింది ఎడ్డీ ఫాస్టర్ అనే పేరుతో. 1965లో మోటౌన్ వాళ్లు 250 దాకా డెమో కాపీలు పోసి, తర్వాత చాలావరకు నాశనం చేశారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక కాపీ 2009లో 25,742 పౌండ్లకి పోయింది, 2020లో ఒకటి లక్ష పౌండ్లకి. ఈ కథ తెలియకుండా ఆ పాట వింటే సగమే విన్నట్టు.


పాతసూది, సోమవారం రాత్రి

శ్రమ సంగతి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం తమ్ముడూ. కానీ ఆ ఫ్రాంక్ విల్సన్ పాట ఇవాళ ఈ దేశంలో తెలియనివాళ్లు తక్కువ. డిస్కు దొరకదు, పాట మాత్రం ప్రతిచోటా ఉంది. డారెల్ బ్యాంక్స్ 'ఓపెన్ ద డోర్ టు యువర్ హార్ట్' చూడు. 1966లో అమెరికాలో రెవిలాట్ లేబుల్ మీద మంచి హిట్టు, ఆర్ అండ్ బీ ఛార్టులో రెండో స్థానం. అదే పాట ఇక్కడ లండన్ అనే లేబుల్ మీద అచ్చయి, హక్కులు వేరేవాళ్లవని తేలి ఆగిపోయింది. ఆ లండన్ కాపీ ఒకటి 2014లో 14,543 పౌండ్లకి అమ్ముడుపోయింది. గొంతు అదే, డ్రమ్ము అదే. కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.

అరుదు అనేది చెవికి వినిపించేది కాదేమో అని ఇవాళ వార్డు రౌండ్సులో అనిపించింది. తేల్చుకోలేకపోతున్నా.


సూర్యలంక (బోల్టన్), మంగళవారం తెల్లవారుజామున

సర్ నమస్తే. సమోసా ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకున్న అమ్మాయిని నేనే. లింకు మా ఫ్రెండ్ పంపింది. నైట్ డ్యూటీలో బ్రేకులో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది బాపట్ల. ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలైంది. ఇంగ్లీషు పాటలు ఏదో వింటాను గానీ వీటి పేర్లేవీ నాకు తెలియవు. కాబట్టి నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదట మీరు వేసిన పాటలు నాకు నచ్చలేదని మీరు అనుకుంటున్నారు. అది కాదు సర్. రెండో పాటకే నా కాలు కదిలింది. కానీ ప్రతి పాటకీ ముందు మీరు చెప్పారు కదా, ఇది ఇన్ని పౌండ్లు, ఇది ప్రపంచంలో ఇన్నే ఉన్నాయి అని. ఒకదానికి 900 అన్నారు. అది నా గదికి రెండు నెలల అద్దె. వినగానే చేతులు చల్లబడ్డాయి. కొత్తగా ఎవరింటికైనా వెళ్తే షోకేసులో గాజు బొమ్మల పక్కన కూర్చోబెట్టినట్టు అయింది. కదిలితే ఏం పగులుతుందో అని కదల్లేదు. ఇంకోటి, ఇంత గొప్పదైతే నాకూ గొప్పగా అనిపించాలి కదా, అనిపిస్తోందా లేదా అని నన్ను నేనే చూసుకుంటూ కూర్చున్నాను. పాట అయిపోయేది.

తర్వాత తెలిసిన పాటలు వేశారు. లేచాను, నిజమే. అరీతా పాట సినిమాల్లో విన్నాను. తెలిసిన పాటకి లేవడం తేలిక సర్, ఎక్కడ చేతులెత్తాలో ముందే తెలుసు, అందరూ ఎత్తుతారు. చాలా సరదాగా ఉంది. కానీ బస్సెక్కేసరికి ఆ పాటలేవీ నాతో రాలేదు.

వచ్చింది ఒక్కటే. చిట్టచివర, హాలు ఆయన లైట్లు వేసేశాడు, మావాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. అప్పుడు మీరు ఒకటి పెట్టారు. దాని గురించి మీరు ఏమీ చెప్పలేదు. డెక్ వెనక నుంచి బయటికొచ్చి హాలు మధ్యలో నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. మీ గోధుమ రంగు బూట్లు నేల మీద ఎడమకీ కుడికీ జారుతున్నాయి, పైన భుజాలు మాత్రం కదలట్లేదు. వార్డులో మిమ్మల్ని రోజూ చూస్తాను, అలా ఎప్పుడూ చూడలేదు.

ఆ పాట ఒక ఆడమనిషి పాడింది. ఋతువులు వెళ్లిపోతున్నాయని మొదలైంది. మధ్యలో తాను ఒడ్డున ఒక గులకరాయిని అంటుంది. మా సూర్యలంక ఒడ్డున గులకరాళ్లే ఉండవు, అంతా ఇసుకే. కానీ నాకు అక్కడే ఉన్నట్టు అనిపించింది, మా నాన్న పక్కన. కాలం నిన్ను దాటిపోతుంది జాగ్రత్త అని చెప్పే పాట అంత ఉత్సాహంగా ఎలా పాడిందో ఆవిడ. గొంతు పైకి పోతున్నకొద్దీ ఏడుపొస్తోంది, కాలు ఆగట్లేదు.

పేరు అడుగుదామనుకుంటే మీరు పెట్టెలు సర్దుతున్నారు. మూడు రోజులుగా డ్రిప్పు మారుస్తూ దాన్నే కూనిరాగం తీస్తున్నా. అది హిట్టు పాటా, దొరకని పాటా? పేరు చెప్తారా?


స్టోక్_సింగిల్స్, మంగళవారం

టోబీ లెజెండ్, 'టైమ్ విల్ పాస్ యు బై'. 1968, మాలా లేబుల్. గులకరాయి అనగానే తెలిసిపోయింది. ఈ గాయనే టోబీ లార్క్ అనే పేరుతో కూడా డెట్రాయిట్‌లో పాడింది.

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా.


పాతసూది, మంగళవారం

అమ్మా, నువ్వడిగినదానికి జవాబు: అది రెండూ కాదు. అమెరికాలో ఎప్పుడూ హిట్టు కాలేదు. అలాగని డిస్కుల వేటగాళ్లు కొట్టుకునేంత దొరకని వస్తువూ కాదు.

విగన్ కాసినోలో ఆల్‌నైటర్లు 1973 సెప్టెంబరు 23న మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటాక తలుపులు తీస్తే పొద్దున 8 దాకా. మందు అమ్మేవాళ్లు కాదు. 8 అయ్యేముందు ప్రతిసారీ అవే మూడు పాటలు వేసి ముగించేవాళ్లు: టోబీ లెజెండ్ పాట, జిమ్మీ రాడ్‌క్లిఫ్ 'లాంగ్ ఆఫ్టర్ టునైట్ ఈజ్ ఆల్ ఓవర్', డీన్ పారిష్ 'ఐయామ్ ఆన్ మై వే'. 'త్రీ బిఫోర్ ఎయిట్' అంటారు. చెమటతో తడిసిన చొక్కాతో, చేతిలో సంచీతో, ఆ మూడింటికీ ఆడి బయటికొస్తే ఆదివారం ఎండ కళ్లలో పొడిచేదని మా పోర్టరు గారు చెప్పేవాడు. 1981 డిసెంబరు 6న ఆఖరిసారి. ఆ చోట ఇప్పుడు షాపింగ్ సెంటరు.

నేను ఏ కార్యక్రమం చేసినా ఆ పాటతో ముగిస్తాను, ఆయన కోసం. ఆయన 2019లో పోయాడు. ఆ పాట గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పను, చెప్పలేను కనక. మిగతావాటి గురించి మాత్రం ఎందుకంత చెప్పానో ఇప్పుడు ఆలోచిస్తున్నా. ఆయన క్యాసెట్ ఇచ్చినప్పుడు అట్ట మీద పేర్లు కూడా రాయలేదమ్మా. ఇది నీకు, డాక్టర్, అన్నాడు. అంతే.


డెట్రాయిట్_అక్క, మంగళవారం

అమ్మాయ్, బాపట్ల నుంచి బోల్టన్ వచ్చిన నీకు మా డెట్రాయిట్ గొంతు తగిలిందంటే నాకు ఒళ్లు పులకరించింది.

అరుదు అన్నమాట వెనక ఒకటుంది, కలెక్టర్లు కోపగించుకోవద్దు. డిస్కు అరుదైందంటే ఒక మనిషి పాడితే ఎవరూ వినలేదని అర్థం. ఫ్రాంక్ విల్సన్ సంగతే చూడండి. గాయకుడిగా ఉంటావా, నిర్మాతగా ఉంటావా అని మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీ అడిగితే నిర్మాతగా ఉంటానన్నాడని చెప్తారు, ఆ సింగిల్ అక్కడితో ఆగిపోయింది. ఆయనకి తర్వాత దారి దొరికింది. డయానా రాస్ వెళ్లిపోయాక సుప్రీమ్స్‌కి 'అప్ ద లాడర్ టు ద రూఫ్', ఎడ్డీ కెండ్రిక్స్‌కి 'కీప్ ఆన్ ట్రకిన్'' చేశాడు. దారి దొరకనివాళ్లు ఎంతమందో. వాళ్ల పాటని గాజు పెట్టెలో పెట్టి ధర చెప్తే రెండోసారి కూడా వినిపించకుండా చేసినట్టే. అందుకని అరుదైనవి వెయ్యండి, తప్పకుండా వెయ్యండి. పాడినవాళ్ల గురించి చెప్పండి, పౌండ్లు వద్దు.


స్టోక్_సింగిల్స్, బుధవారం

అక్కా, కోపం లేదు. కొంత ఒప్పుకుంటా, కొంత ఒప్పుకోను.

ఒప్పుకునేది: ధరలు చెప్పొద్దు. మొదటి రోజు అసలే వద్దు.

ఒప్పుకోనిది: హిట్లతోనే మొదలుపెట్టి హిట్లతోనే ముగించే నైట్‌లు ఎక్కువైపోయాయి. ఇరవై పాటలు, ప్రతి వారం అవే ఇరవై. ఈ గొడవ కొత్తదీ కాదు. 70ల మధ్యలో బ్లాక్‌పూల్ మెక్కా అనే క్లబ్బులో డీజేలు ఇయాన్ లెవీన్, కాలిన్ కర్టిస్ అప్పటి కొత్త సోల్ వెయ్యడం మొదలుపెడితే, విగన్ వైపు వాళ్లు మాకు కాళ్లు నేలకేసి కొట్టించే 60ల స్టాంపర్లే కావాలన్నారు. ఊళ్లకి ఊళ్లు చీలిపోయాయి. 80లలో స్టాఫర్డ్‌లో కుర్రాళ్లు మళ్లీ ఎవరూ వినని 60ల పాటలు తవ్వి తీసుకురాకపోతే ఇవాళ మనం వినే సగం పాటలు ఎవరి చెవినీ పడేవి కావు. ఎవడో ఒకడు తెలియనిది వెయ్యాలి, ఖాళీ ఫ్లోరుని చూస్తూ కూడా వెయ్యాలి. టామ్స్ 'హే గర్ల్ డోంట్ బాదర్ మీ' 1964 పాట. ఇక్కడి ఫ్లోర్ల మీద ఏళ్ల తరబడి అరిగాక 1971లో ఇంగ్లండు నంబర్ వన్ అయింది. మొదటి రాత్రి దానికి ఎంతమంది లేచి ఉంటారు?


మోనో_మనిషి, తర్వాతి ఆదివారం

చెల్లెమ్మ రాసింది చదివాక నిన్న రాత్రి మా ఇంట్లో ఒక పని చేశాం. ఆరుగురు ఫ్రెండ్స్. పేరు, సంవత్సరం, ధర ఏమీ చెప్పకుండా ఎనిమిది పాటలు పెట్టా, నాలుగు పెద్ద హిట్లు, నాలుగు హిట్టు కానివి. అన్నీ ఒకే సౌండ్‌కి సరిచేసి పెట్టా, బుస్సు అడ్డురాకుండా. రెండు రౌండ్లు తిప్పా, ఎందుకంటే మొదటిసారి వినడం వినడం కాదు.

మొదటి రౌండులో ఎక్కువమంది ఎంచుకున్నవి మొదలవగానే ఏదో ఒక వింత ఉన్నవి. 'రీచ్ అవుట్' వేణువు, డోబీ గ్రే 'అవుట్ ఆన్ ద ఫ్లోర్' ఊపు. హిట్టా కాదా అన్నది వాళ్లకేం తేడా చెయ్యలేదు. రెండో రౌండులో కథ మారింది. మొదట ఎవరూ ఎంచుకోని ఇవాన్ బేకర్ 'యు డిడింట్ సే ఎ వర్డ్'ని ముగ్గురు అడిగి పెట్టించుకున్నారు. మాలో ఒకడు పెళ్లిళ్లలో బ్యాండు వాయిస్తాడు. వాడు ఒక మాట అన్నాడు: మన పాటలో దెబ్బ రెండోదాని మీదో నాలుగోదాని మీదో పడుతుంది, ఇందులో కొన్నిటికి నాలుగు దెబ్బలూ ఒకే బరువుతో పడుతున్నాయి, బరాత్ నడిపించినట్టుంది అన్నాడు. మోటౌన్ 1965లో ఫోర్ టాప్స్ 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్'కి వాడిన కొట్టుడు అదే. దాన్ని పట్టుకునే చాలా చిన్న కంపెనీలు అలాంటి పాటలు చేశాయి. అక్క చెప్పిన గీత వాడికీ కనపడలేదు.

పాతసూది గారూ, నా సలహా: ఒకే సాయంత్రంలో ఒక తెలియని పాటని రెండుసార్లు వెయ్యండి. మొదట్లో ఒకసారి, గంటన్నర తర్వాత ఇంకోసారి. రెండోసారి వాళ్లకి అది తెలిసిన పాట.


పాతసూది, ఆదివారం రాత్రి

ఇది బాగుంది. వచ్చే నెల మొదటి శనివారం హాలు మళ్లీ తీసుకున్నా. అనుకున్న వరస ఇది. 'నోవేర్ టు రన్'తో మొదలు, దాని వెనకే అదే డెట్రాయిట్ ఊపున్న రిక్-టిక్ పాట ఒకటి, మధ్యలో ఒక్క మాట లేకుండా. అలా తెలిసినదీ తెలియనిదీ జంటలుగా. ఇవాన్ బేకర్ రెండుసార్లు. లేబుళ్ల గురించి అడిగినవాళ్లకి టీ దగ్గర చెప్తా. స్టోక్ తమ్ముడూ, ఒక గంట నీది, నీ ఇష్టం వచ్చినవి వెయ్యి, ఫ్లోరు ఖాళీ అయితే నేను నిలబడతా. లీడ్స్ బాబూ, నువ్వూ నీ స్నేహితులూ రండి, రైలు స్టేషన్ నుంచి నేను తీసుకొస్తా.

ముఖ్యంగా, ఈసారి నేను డెక్ వెనకే ఉండిపోను.


సూర్యలంక, సోమవారం

సర్, మా వార్డు నుంచి ఇంకో ఇద్దరం వస్తున్నాం. వాళ్లకి నేను ఏమీ చెప్పలేదు, పాట కూడా వినిపించలేదు. అక్కడే విననీ అని.

ఒక్క అనుమానం. ఆ జారడం నేర్చుకోవాలని ఉంది. నా గదిలో కార్పెట్ మీద ప్రయత్నిస్తే కాలు పట్టేస్తోంది. ట్రైనర్లు వేసుకుని రావచ్చా?


పాతసూది, సోమవారం

రబ్బరు సోలు వద్దమ్మా, నేలని కరుచుకుంటుంది, మోకాలు మెలిపడుతుంది. అడుగున తోలు ఉన్న చెప్పులో బూట్లో, పాతవైనా పర్లేదు, పాతవైతే ఇంకా మంచిది. లేకపోతే మందం సాక్సులతో మొదలుపెట్టు. నేల మీద కొంచెం టాల్కం పౌడరు చల్లుకుంటాం, హాలు ఆయన్ని అడిగా, తుడిచేసి వెళ్లమన్నాడు. డబ్బా నేను తెస్తా.